మెంటల్ ప్రాబ్లెమ్ ఉన్న మనిషి మీద క్రిమినల్ కేసు పడితే ఇంట్లోవాళ్ళు ఏం చెయ్యాలి (మేం చేసిన తప్పులతో సహా)

నేను లాయర్ని కాదండీ, అది ముందే చెప్తున్నా. మా అన్నకి స్కిజోఫ్రేనియా. 2018 లో ఒక రోజు పొద్దున్నే పక్కింటాయన తల మీద రోకలితో కొట్టాడు, ఆయనకి పదకొండు కుట్లు పడ్డాయి, దేవుడి దయ వల్ల బతికారు. మా అన్న మీద 307 పెట్టారు, అంటే హత్యాయత్నం. కేసు ఐదేళ్ళు నడిచింది, ఆ ఐదేళ్ళూ కోర్టు వరండాలో నించుని నేర్చుకున్నదే ఇదంతా. ఇప్పుడు చుట్టుపక్కల ఎవరింట్లో ఇలాంటిది జరిగినా నాకు ఫోన్ వస్తోంది, అందరికీ అదే చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది, అందుకే రాసి పెడుతున్నా.

మొట్టమొదటిది, అన్నిటికన్నా ముఖ్యం: స్టేషన్లో "తాగి ఉన్నాడండీ" అని చెప్పకండి. నవ్వుతారేమో గానీ మన దగ్గర జరిగేది ఇదే. పిచ్చి అంటే పరువు పోద్ది, తాగాడంటే పోదు, మగాడన్నాక తాగుతాడు అని ఊరుకుంటారు. మా మావయ్య ఆ రోజు ఎస్ఐ గారి ముందు చేతులు కట్టుకుని "కుర్రాడు మంచోడేనండీ, కాస్త మందు పడింది" అన్నాడు. మా అన్న జన్మలో చుక్క ముట్టలేదు. ఆ మాట వాంగ్మూలంలోకి ఎక్కింది, మావయ్యని ప్రాసిక్యూషన్ సాక్షిగా వేశారు, మూడేళ్ళ తర్వాత ఆయన బోనులో నించుని "మతిస్థిమితం లేదండీ" అంటే పీపీ గారు (ప్రభుత్వం తరఫు లాయరు) అదే కాయితం తీసి చదివారు. కావాలని తాగి చేసిన పనికి చట్టంలో మినహాయింపు లేదు, తనకి తెలీకుండానో బలవంతంగానో ఎవరన్నా తాగిస్తే తప్ప. అంటే పరువు కోసం చెప్పిన ఒక్క అబద్ధంతో, మతిస్థిమితం లేక చేశాడని చెప్పుకునే ఒక్క దారినీ మనమే మూసేసుకుంటున్నాం. పెద్దమనుషుల పంచాయతీలో కూడా అంతే, రాజీ అవుతుందేమో అని "తప్పయిపోయింది, కోపంలో కొట్టాడు" అని కాయితం మీద రాసిచ్చెయ్యకండి. అసలు రాజీకి వీల్లేని కేసులు చాలా ఉన్నాయి, ముందు లాయర్ని అడగండి.

రెండోది కాయితాలు. ఆ రాత్రే ఇల్లంతా వెతకండి: ఓపీ చీటీలు, డిశ్చార్జ్ సమ్మరీ, మందుల షాపు బిల్లులు, ఖాళీ మాత్రల అట్టలు, సదరం సర్టిఫికెట్ ఉంటే అది. మొత్తం మూడు సెట్లు జిరాక్స్ తీయించండి, ఒరిజినల్ మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టొద్దు. తర్వాత ఒక తెల్ల కాయితం మీద ఎస్ఐ గారికి అర్జీ రాయండి: ఫలానా మనిషికి ఫలానా జబ్బు, ఎన్నేళ్ళ నుంచి, ఏ డాక్టరు దగ్గర, ఏ మందులు, మందులు ఎప్పుడు ఆపేశాడు, సైకియాట్రిస్టుకి చూపించండి అని. దాని మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి. మేం తీసుకోం అని వాళ్ళంటే అదే అర్జీ స్పీడ్ పోస్టులో ఎస్పీ గారికి పంపండి, ఆ రసీదు దాచండి. ఇంత తంటా ఎందుకంటే, బాపూ అలియాస్ గజరాజ్ సింగ్ కేసులో 2007 లో సుప్రీంకోర్టు చెప్పింది, ముద్దాయికి ముందు నుంచీ మతిస్థిమితం సమస్య ఉందని దర్యాప్తులో తెలిస్తే వెంటనే వైద్య పరీక్ష చేయించి ఆ సాక్ష్యం కోర్టు ముందు పెట్టడం పోలీసుల బాధ్యత, అది చెయ్యకపోతే ప్రాసిక్యూషన్ కేసుకే లోపం, దాని లాభం ముద్దాయికి వెళ్తుంది అని. మీరు చెప్పినట్టు కాయితం ఉంటేనే కదా "మాకు తెలీదు" అనే మాట రాకుండా ఉండేది.

మా దగ్గర కాయితాలు ఉన్నాయి గానీ వాటి మీద మా అన్న పేరు లేదు. అప్పటికి చెల్లికి సంబంధాలు చూస్తున్నాం, పిచ్చోడున్న ఇంటి పిల్ల అంటే ఎవడు చేసుకుంటాడని అమ్మ ఆస్పత్రిలో ప్రతిసారీ వేరే పేరు రాయించేది. పన్నెండేళ్ళ చీటీలు, వయసు కరెక్టే, మందులు కరెక్టే, పేరు మాత్రం ఎవడిదో. కోర్టులో అది మా అన్నేనని నిరూపించడానికి మేం పడ్డ పాట్లు ఇంకెవరికీ వద్దు. చివరికి ఆ డాక్టరు గారే సాక్ష్యానికి వచ్చి, మనిషిని చూసి గుర్తుపట్టి, రిజిస్టర్లో ఉన్న ఫోన్ నంబరు అమ్మదేనని చూపించారు. ఆయన రాకపోతే అంతే సంగతులు. చీటీలు పోగొట్టుకున్నవాళ్ళు ఆస్పత్రిని అడగొచ్చు, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో 25వ సెక్షన్ కింద మన రికార్డులు మనం తీసుకునే హక్కు ఉంది. దర్గాకో గుడికో తిప్పినా, భూతవైద్యుడి దగ్గర కట్టు కట్టించినా సిగ్గుపడకుండా లాయరుకి చెప్పండి, ఆ చుట్టుపక్కలవాళ్ళు కూడా సాక్షులవుతారు.

అరెస్టు అయిన 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి కదా, దానికి ముందు గవర్నమెంట్ ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరుకి చూపిస్తారు. ఐదు నిమిషాల పని, బీపీ చూసి దెబ్బలున్నాయా అని అడిగి సంతకం పెట్టేస్తారు. అక్కడ మీలో ఎవరో ఒకరు ఉండాలి, ఉండి చీటీ చూపించి ఈ జబ్బు సంగతి ఆ కాయితం మీద రాయండి సార్ అని బతిమాలాలి. తర్వాత మేజిస్ట్రేటు గారి ముందు కూడా ఇదే చెప్పాలి. లాయరుకి డబ్బుల్లేకపోతే 15100 కి ఫోన్ చెయ్యండి, అది లీగల్ సర్వీసెస్ నంబరు, జిల్లా కోర్టు ఆవరణలోనే వాళ్ళ ఆఫీసు ఉంటుంది. మానసిక జబ్బు ఉన్నవాళ్ళకి ఉచితంగా లాయర్ని ఇవ్వాలని మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 27వ సెక్షన్లోనే ఉంది. రిమాండ్ రోజునే ఒక మెమో వేయించండి, జైల్లో ఈ మందులు ఆపకుండా ఇవ్వాలి అని. మేం వెయ్యలేదు. తొమ్మిది రోజులు సబ్ జైల్లో మాత్రల్లేకుండా ఉన్నాడు, పదో రోజు ములాఖత్‌కి వెళ్తే నన్ను గుర్తుపట్టలేదు. అదే చట్టం 103వ సెక్షన్ ప్రకారం అలాంటి ఖైదీని జైలు వైద్య విభాగంలోని సైకియాట్రిక్ వార్డుకి మార్చాలి, అది లేకపోతే బయట మెంటల్ ఆస్పత్రికి. మా వైపు అంటే వైజాగ్ ఆస్పత్రి, హైదరాబాద్ వైపు అంటే ఎర్రగడ్డ.

ఇప్పుడు అసలు గందరగోళం దగ్గరికి వద్దాం. "డాక్టర్ సర్టిఫికెట్ ఉంటే కేసు కొట్టేస్తారు కదా" అని అందరూ అడుగుతారు. కొట్టెయ్యరు. కోర్టు అడిగేది ఒక ప్రశ్న కాదు, మూడు, మూడూ మూడు వేరే వేరే టైములకి సంబంధించినవి.

ఒకటి, ఆ పని చేసిన నిమిషంలో మనిషి ఎలా ఉన్నాడు. పాత శిక్షా చట్టం ఐపీసీలో ఇది 84వ సెక్షన్, 2024 జులై నుంచి దాని బదులు వచ్చిన బీఎన్ఎస్‌లో 22. మతిస్థిమితం లేక, తాను చేస్తున్నది ఏంటో తెలీని స్థితిలో ఉన్నా, లేదా అది తప్పని గానీ చట్టవిరుద్ధమని గానీ తెలీని స్థితిలో ఉన్నా నేరం కాదు. ఇది 1843 లో ఇంగ్లండ్‌లో మెక్‌నాటన్ అనే అతని కేసు తర్వాత అక్కడి జడ్జీలు చెప్పిన సూత్రం, మన చట్టం ఇంకా దాని మీదే నడుస్తోంది. జబ్బు ఉండటం వేరు, ఆ నిమిషంలో తెలివి లేకపోవడం వేరు, కోర్టుకి కావాల్సింది రెండోది. "తెలుసు గానీ ఆపుకోలేకపోయాడు" అంటే కూడా పనికిరాదు. నిరూపించే బరువు మన మీదే, కాకపోతే దహ్యాభాయ్ ఛగన్‌భాయ్ ఠక్కర్ కేసులో 1964 లో సుప్రీంకోర్టు చెప్పినట్టు, అనుమానం లేనంత గట్టిగా అక్కర్లేదు, అలా ఉండే అవకాశమే ఎక్కువ అనిపిస్తే చాలు. అన్నట్టు ఆ సూత్రం తెచ్చిన ఆ ముద్దాయి మాత్రం కేసు ఓడిపోయాడు.

ఆ నిమిషం ఎలా తెలుస్తుంది? ముందూ వెనకా చేసినవాటిని బట్టి. పగ ఉందా, పారిపోయాడా, ఆయుధం దాచాడా. మా అన్న కొట్టాక పారిపోలేదు, రోకలి తీసుకెళ్ళి పంపు దగ్గర కడిగి, గోడకి యథాస్థానంలో ఆనించి, అరుగు మీద కూర్చుని అమ్మని టీ అడిగాడు. పీపీ గారు ఆ కడగడం పట్టుకున్నారు: రక్తం కడిగాడంటే సాక్ష్యం మాయం చేశాడు, సాక్ష్యం మాయం చేశాడంటే తప్పని తెలుసు. వినడానికి ఎంత కరెక్టుగా ఉందో చూడండి. కానీ మా అన్న ఏది ముట్టుకున్నా కడుగుతాడు, చెంబు కడుగుతాడు, తలుపు గొళ్ళెం కడుగుతాడు, కరెంటు స్విచ్చి కడిగి ఒకసారి షాక్ కొట్టించుకున్నాడు. ఈ సంగతి ఎవరు చెప్తే నమ్ముతారు? అమ్మ చెప్తే కన్నతల్లి కదా అంటారు. పాలు పోసే ఆవిడ చెప్పింది, నా క్యాను రోజూ కడిగి ఇస్తాడండీ వద్దన్నా వినడు అని. మీరు కూడా అలాంటి మనిషిని వెతుక్కోండి, మీతో చుట్టరికం లేనివాళ్ళని, రోజూ చూసేవాళ్ళని.

రెండో ప్రశ్న, ఇప్పుడు ఎలా ఉన్నాడు, విచారణ అర్థం చేసుకుని లాయరుతో మాట్లాడగలడా. లేడంటే విచారణ వాయిదా పడుతుంది, బీఎన్ఎస్ఎస్‌లో (పాత సీఆర్పీసీ బదులు వచ్చిన, కేసు ఎలా నడపాలో చెప్పే చట్టం) 367 నుంచి 378 సెక్షన్ల దాకా ఇదే. దీన్ని గెలుపనుకోకండి. ఆగిపోయిన కేసు ఆగిపోయినట్టే ఉండిపోతుంది, మనిషి లోపల ఉండిపోతాడు. అస్సాంలో మచల్ లాలుంగ్ అనే ఆయన్ని 1951 లో పట్టుకెళ్ళి, విచారణ లేకుండా 54 ఏళ్ళు ఉంచేశారు, 2005 లో బయటికొచ్చాడు. అందుకే వాయిదా పడిన రోజే 369 కింద విడుదల అడగండి, ఇన్‌పేషెంటుగా ఉండక్కర్లేదని డాక్టరు అంటే, ఓపీకి క్రమంగా తిప్పుతాం, ఎవరికీ హాని జరగకుండా చూసుకుంటాం అని చుట్టమో స్నేహితుడో పూచీ ఇస్తే వదలొచ్చు. ఆ పూచీ ఎవరిస్తారో ఇంట్లో ముందే తేల్చుకోండి, కోర్టులో జడ్జిగారు అడిగినప్పుడు మా చుట్టాలంతా నేల చూపులు చూశారు.

మూడోది శిక్ష దగ్గర వస్తుంది. నేరం చేసినప్పుడు తెలివి ఉందని తేలినా, తర్వాత జబ్బు ముదిరితే శిక్ష మీద దాని ప్రభావం ఉంటుంది. పేరు బయటపెట్టకుండా "అక్యూజ్డ్ ఎక్స్" అని పిలిచిన ఒక మహారాష్ట్ర కేసులో 2019 లో సుప్రీంకోర్టు, శిక్ష పడ్డాక వచ్చిన తీవ్రమైన మానసిక జబ్బుని చూసి ఉరిశిక్షని బతికున్నంత కాలం జైలుగా మార్చింది. మనలాంటి కేసుల్లో ఇంత దూరం రాదు, తెలిసుంటే మంచిదని చెప్తున్నా.

ఇక పక్కింటాయన సంగతి. ఆయన ఏ తప్పూ చెయ్యలేదు, వాకిట్లో పేపరు చదువుకుంటుంటే తల పగిలింది. "పిచ్చోడని వదిలేస్తే రేపు ఇంకొకణ్ణి చంపుతాడు" అని ఆయన భార్య కోర్టులో ఏడిచింది, ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే అంటాను. ఆస్పత్రి బిల్లు మేమే కట్టాం, కానీ లాయరుని అడిగి, తప్పు ఒప్పుకున్నట్టు ఏమీ రాయకుండా కట్టాం. మీరూ అలాగే చెయ్యండి, బిల్లు కట్టడానికీ కేసుకీ ముడిపెట్టొద్దు, సాక్ష్యం మార్చమని మాత్రం అడగొద్దు, అది ఇంకో కేసవుద్ది.

మా అన్న 2023 లో నిర్దోషిగా బయటపడ్డాడు. అయితే నిర్దోషి అంటే అప్పటికప్పుడు ఇంటికి రావడం కాదు. కొట్టింది అతనే, మతిస్థిమితం లేదు కాబట్టి నేరం కాదు అని తీర్పు వస్తే, కోర్టు భద్రమైన చోట ఉంచమనొచ్చు, లేదా అర్జీ పెట్టుకున్న బంధువుకి పూచీ మీద అప్పగించొచ్చు, ఇప్పుడు అది బీఎన్ఎస్ఎస్ 374. మాకు అప్పగించారు, నేను బాండు రాశాను, వాళ్ళు చెప్పినప్పుడల్లా మా అన్నని తీసుకెళ్ళి చూపించాలి. తీర్పు రోజుకే ఆ అర్జీ, ష్యూరిటీ కాయితాలు రెడీగా పెట్టుకోండి, లేదంటే ఆ కాయితాలు తయారయ్యేదాకా మనిషి లోపలే.

మళ్ళీ మందులు మానేస్తే ఆగొద్దు. 14416 టెలీ మానస్, అది మానసిక జబ్బులకి గవర్నమెంట్ హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. తను ఒప్పుకోకపోయినా, ఇద్దరు నిపుణులు చూసి అవసరమంటే మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 89వ సెక్షన్ కింద 30 రోజుల దాకా చేర్పించొచ్చు, దానికి నామినేటెడ్ రిప్రజెంటేటివ్, అంటే తన తరఫున నిర్ణయం తీసుకునే మనిషి, అర్జీ పెట్టాలి, అందులో మీ పేరు రాసిన కాయితం మనిషి బాగున్నప్పుడే సంతకం పెట్టించుకుంటే మంచిది. జబ్బు వల్ల తనకో ఇంకొకరికో ప్రమాదంగా కనిపిస్తే పోలీసులు కూడా లాకప్‌లో పెట్టకుండా 24 గంటల్లో ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, అదే చట్టం 100వ సెక్షన్, ఆ నంబరు చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకోండి, స్టేషన్లో నోరు పెగలదు. ఓపీలో మాత్రం అసలు పేరే రాయించండి.