పాత డీజిల్ లారీ స్లోలో ఊగిపోతోందా? కారణం ఎలా పట్టాలి

లారీ నిలబడి ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా, స్లోలో) ఉండగా స్టీరింగు, అద్దాలు, సీటు గడగడలాడుతుంటే చాలామంది మొదట ఐడ్లింగ్ స్క్రూ తిప్పి ఆర్‌పీఎం పెంచుతారు. ఊగడం తగ్గుతుంది, రోగం మాత్రం అలాగే ఉంటుంది. పైగా ఆ తర్వాత దాన్ని పట్టుకోవడం కష్టమవుతుంది. కాబట్టి ఆ స్క్రూ చివరి పని.

ఇక్కడ చెప్పేవన్నీ మెకానికల్ డీజిల్ పంపు (ఇంజెక్టర్లకు డీజిల్ కొట్టేది) ఉన్న పాత ఇంజిన్లకే. కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే హై ప్రెషర్ గొట్టం నుంచి డీజిల్ అందే కొత్త రకం) ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ పైపు నట్టు ముట్టుకోవద్దు. అందులోని ప్రెషర్‌కి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

ముందు తేల్చాల్సింది

ఇంజినే సరిగా తిరగడం లేదా, లేక అది బాగానే తిరుగుతున్నా ఆ అదురు ఛాసిస్‌కి ఎక్కుతోందా? ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఆర్‌పీఎం కొలవండి. చాలా పాత లారీలకు ఐడ్లింగ్ 600 నుంచి 750 మధ్య ఉంటుంది, మీ బండి లెక్క మాన్యువల్‌లో చూసుకోండి. డాష్‌బోర్డు మీటరును నమ్మకుండా, క్రాంక్ పుల్లీకి రిఫ్లెక్టర్ స్టిక్కర్ అంటించి చేతి టాకోమీటరుతో చూడండి.

ఆ తర్వాత ఊగే వేగం గమనించండి. 600 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ సెకనుకు 10 చుట్లు తిరుగుతుంది. ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒకసారే మండుతుంది కాబట్టి, ఒక సిలిండర్ చచ్చిపోతే సెకనుకు 5 కుదుపులు వస్తాయి. అది దడ్ దడ్ అని చేతికి విడివిడిగా తెలుస్తుంది. అంతకన్నా సన్నటి జలదరింపు అయి, రేజ్ చేసేకొద్దీ పెరుగుతుంటే ఫ్లైవీల్, క్లచ్, డంపర్ పుల్లీ (క్రాంక్ ముందు ఉండే, మధ్యలో రబ్బరున్న పుల్లీ), ఫ్యాన్ లాంటి తిరిగే భాగాలను అనుమానించాలి. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కు కొంత వణుకు పుట్టుకతోనే ఉంటుంది. వరుసగా ఆరు సిలిండర్లున్నది మాత్రం స్లోలో ఊగకూడదు, ఊగితే ఎక్కడో లోపం ఉన్నట్టే.

దడ్ దడ్ అని కుదుపు, సైలెన్సర్ శబ్దం మధ్యలో తెగుతోంది

ఇది మిస్సింగ్, అంటే ఒక సిలిండర్ మండడం లేదు. ఏ సిలిండరో తేల్చాలి. కళ్లద్దాలు, గ్లవ్స్ వేసుకోండి. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఇంజెక్టర్ దగ్గర హై ప్రెషర్ పైపు నట్టు (ఎక్కువగా 17 లేదా 19 నంబర్ స్పానర్) మీద గుడ్డ కప్పి, అర చుట్టు వదులు చేయండి. డీజిల్ బయటికి కారి ఆ సిలిండర్ ఆగిపోతుంది. ఆర్‌పీఎం పడిపోయి ఊగడం పెరిగితే ఆ సిలిండర్ పని చేస్తున్నట్టు. ఏ తేడా రాకపోతే దొంగ అదే. బిగించి తర్వాతదానికి వెళ్లండి. కారిన డీజిల్ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడకుండా చూసుకోండి. నట్లు విప్పడం ఇష్టం లేకపోతే, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాల తర్వాత ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో మానిఫోల్డ్‌లో ఒక్కో పోర్టు వేడి చూడండి. మిగతావాటికన్నా బాగా చల్లగా ఉన్నదే మండనిది.

ఇప్పుడే కొత్త నాజిల్ (ఇంజెక్టర్ కొనలో డీజిల్ చిమ్మే భాగం) కొనేయకండి. ఆ ఇంజెక్టర్‌ను బాగున్న సిలిండర్‌లోకి, అక్కడిది ఇక్కడికి మార్చి మళ్లీ పరీక్షించండి. మిస్సింగ్ ఇంజెక్టర్‌తో పాటు వెళ్తే లోపం ఇంజెక్టర్‌దే. అక్కడే ఉండిపోతే పంపుదో, కంప్రెషన్‌దో.

మార్చేటప్పుడు తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఇంజెక్టర్ పైకి వస్తుంది కానీ పాత రాగి వాషర్ గుంతలోనే అతుక్కుపోతుంది. చూడకుండా దానిమీద కొత్తది వేస్తే నాజిల్ పైకి లేస్తుంది, స్ప్రే తప్పుతుంది. టార్చి వేసి చూసి, వంచిన తీగతో పాతది లాగేయండి. కంపెనీ చెప్పిన మందమున్న కొత్త వాషర్ ఒక్కటే వేయాలి. ఇంజెక్టర్ మొదట్లో తారులా నల్లగా పేరుకుని, 'చఫ్ చఫ్' అని గాలి శబ్దం వస్తుంటే వాషర్ దగ్గరే కంప్రెషన్ లీకవుతోంది.

ఇంజెక్టర్‌ది లోపమైతే టెస్టర్ మీద పెట్టించండి. పాత నాజిళ్లు చాలావరకు 180 నుంచి 250 బార్ మధ్య తెరుచుకుంటాయి, అసలు లెక్క ఇంజిన్‌ను బట్టి. తెరుచుకునే ప్రెషర్‌కి 20 బార్ తక్కువలో 10 సెకన్లు ఉంచితే నాజిల్ కొన నుంచి చుక్క రాలకూడదు. రాలితే అదే స్లోలో నల్లపొగకూ నాకింగ్‌కూ కారణం. ఒక్కటే మార్చి మిగతావి అలాగే వదిలేస్తే ప్రెషర్లు తలో తీరుగా ఉండి వణుకు పూర్తిగా పోదు. అన్నీ ఒకే ప్రెషర్‌కి సెట్ చేయించాలి.

లోపం సిలిండర్‌లోనే ఉండిపోతే ముందు టాపెట్ గ్యాప్ (వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు) చూడండి, ఖర్చులేని పని. ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో 6వ దాని వాల్వులు రెండూ కదిలే సమయంలో 1వ దాన్ని సెట్ చేయాలి. అలాగే 5కి 2, 4కి 3, మళ్లీ తిరగేసి కూడా. ఎగ్జాస్ట్ వాల్వు గ్యాప్ లేకుండా బిగుసుకుంటే కంప్రెషన్ జారిపోవడమే కాదు, వాల్వు కాలిపోతుంది కూడా. గ్యాప్ సరిగ్గా ఉన్నా మిస్సింగ్ పోకపోతే కంప్రెషన్ గేజ్ పెట్టండి. సిలిండర్ల మధ్య తేడా 3–4 బార్ దాటితే అనుమానించాలి. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే ఆ రెంటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయి ఉంటుంది. కంప్రెషన్ కూడా బాగుంటే పంపులో ఆ లైన్ డెలివరీ వాల్వే (ఆ సిలిండర్ పైపులోకి డీజిల్ వదిలే వాల్వు) మిగిలింది. దాని హోల్డర్‌ను టార్క్ రెంచ్ లేకుండా బలం కొద్దీ బిగించకండి, పంపు బ్యారెల్ వంకర తిరిగి ర్యాక్ (డీజిల్ ఎంత వెళ్లాలో మార్చే కడ్డీ) పట్టేస్తుంది.

ఆర్‌పీఎం తనంతట తానే పైకీ కిందికీ ఊగుతోంది

ముందు లైన్లో గాలి ఉందేమో చూడండి. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా లైను పీల్చుకునే వైపు కాబట్టి, అక్కడ సందు ఉన్నా డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. తడి లేదు కాబట్టి లీకు లేదనుకోకండి. ఫిల్టరుకీ పంపుకీ మధ్య పారదర్శకమైన గొట్టం వేస్తే బుడగలు కనిపిస్తాయి. ఇంకా తేలిక దారి: శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి ఇంజిన్ కన్నా ఎత్తులో పెట్టి, ఫీడ్ పంపుకి నేరుగా ఇవ్వండి. ఊగడం ఆగితే తప్పు ట్యాంకు వైపే. అప్పుడు హ్యాండ్ ప్రైమర్ (చేత్తో డీజిల్ కొట్టే చిన్న పంపు) ఓ రింగు, బ్యాంజో వాషర్లు (పైపు జాయింటు బోల్టుల వాషర్లు), మొదటి ఫిల్టరు గ్యాస్కెట్ మార్చండి. తర్వాత ఎయిర్ తీయడం: ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి బుడగలు ఆగేదాకా ప్రైమర్ కొట్టి బిగించాలి, ఆపై పంపు మీది స్క్రూ దగ్గర అదే పని.

గాలి లేకపోతే ఇన్‌లైన్ పంపుకి ఉండే ఓవర్‌ఫ్లో వాల్వు స్ప్రింగు చూడండి. అది మెత్తబడితే పంపు గ్యాలరీలో (లోపల డీజిల్ నిండి ఉండే చోట) ప్రెషర్ నిలవదు. గవర్నర్ (ఆర్‌పీఎంను అదుపు చేసే భాగం), ర్యాక్ జోలికి వెళ్లాల్సి వస్తే పంపు దింపి బెంచ్ మీదికి ఎక్కించాల్సిందే.

శబ్దం సమంగా ఉంది, క్యాబిన్ మాత్రం అదురుతోంది

ఇంజిన్ మౌంటింగులు. ఆయిల్, డీజిల్ పడి రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, లేదా కూలిపోయి ఇనుము ఇనుముకి తగులుతుంది. చక్రాలకు చెక్కలు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, రివర్స్ గేరులో క్లచ్‌ను కొద్దిగా మాత్రమే వదలమనండి. చూసేవాళ్లు పక్కన నిలబడాలి, ముందూ వెనకా కాదు. ఇంజిన్ ఒక పక్క ఎగిరి లేస్తే అటువైపుది పోయినట్టే. ఆయిల్ సంపు కింద జాకీ పెట్టకండి, రేకు వంగుతుంది. జంటగా మార్చి, బోల్టులు వదులుగా ఎక్కించి, ఒక నిమిషం స్లోలో నడిపి ఆపి, ఇంజిన్ దాని చోట కుదురుకున్నాక పూర్తిగా బిగించండి. సైలెన్సర్ పైపు, దాని క్లాంపు ఛాసిస్‌కి తగులుతున్నాయేమో కూడా చూడాలి. మౌంటింగులు దిగిపోయిన బండిలో ఇది మామూలే.

క్లచ్ తొక్కితే తేడా వస్తోంది

తొక్కగానే గలగల పోతే క్లచ్ ప్లేటు స్ప్రింగులో, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టు బేరింగో. తొక్కితే పెరిగితే రిలీజ్ బేరింగు, ప్రెషర్ ప్లేటు వేళ్ల ఎత్తు చూడండి. క్లచ్ పని చేయించిన మర్నాడే మొదలైన వణుక్కి వేరే కారణాలు వెతకడం దండగ. ప్రెషర్ ప్లేటు డోవెల్ పిన్నుల మీద కూర్చోలేదేమో విప్పి చూడాలి.

రేజ్ చేసేకొద్దీ పెరిగే జలదరింపు క్లచ్‌తో మారకపోతే ఫ్యాన్ రెక్కలు చూసి, ఇంజిన్ ఆపి బెల్టు తీసి ఒక నిమిషం నడపండి. అంతకు మించొద్దు, వాటర్ పంపు తిరగదు. డంపర్ పుల్లీ హబ్ నుంచి బయటి రింగు దాకా పెయింటుతో ఒక గీత గీయండి. కొన్ని రోజులకు గీత విరిగి కనిపిస్తే రబ్బరు జారినట్టు, పుల్లీ మార్చాలి.

పొద్దున మాత్రమే ఊగి, వేడెక్కాక తగ్గుతోంది

తెల్లపొగ కూడా ఉంటే కంప్రెషన్, పంపు టైమింగు, ఉంటే గ్లో ప్లగ్ లేదా హీటరు. పొగ లేకుండా ఒక నిమిషంలో సర్దుకుంటే పాత ఇంజిన్‌కు అది పెద్ద లెక్కలోది కాదు.

అన్నీ సరిచేశాక ఐడ్లింగ్ స్క్రూ. బ్రేకుల ఎయిర్ ట్యాంకులు నిండి, వాటికి గాలి కొట్టే కంప్రెసర్ లోడ్ దిగాకే మాన్యువల్ చెప్పిన ఆర్‌పీఎంకి సెట్ చేసి లాక్ నట్టు బిగించండి. ట్యాంకులు నిండుతుండగా సెట్ చేస్తే, లోడ్ దిగగానే ఆర్‌పీఎం పైకి పోతుంది.