సీడీ నుంచి ఫ్లాక్‌కు మార్చిన పాటల్లో లోపాలు: కారణాలు, పరిష్కారాలు

సీడీ పాటలను లాస్‌లెస్ ఫైళ్లుగా మార్చి ప్లేయర్‌లో వేసుకున్నాక బయటపడే లోపాలు చాలావరకు సీడీని చదివేటప్పుడే పుడతాయి. లాస్‌లెస్ ఫైలు రకాలైన ఫ్లాక్ గానీ ఆలాక్ గానీ తనకు అందిన ధ్వనిని ఒక్క బిట్ కూడా పోకుండా భద్రపరుస్తుంది. అందినదాంట్లోనే తప్పు ఉంటే ఆ తప్పును కూడా అంతే భద్రంగా దాస్తుంది.

సమస్య: పాట మధ్యలో టిక్కుమనే చప్పుడు వస్తోంది

ముందుగా అదే ఫైలును కంప్యూటర్‌లో వినండి. అక్కడ కూడా సరిగ్గా అదే సెకనులో చప్పుడు వస్తే లోపం ఫైలులోనే ఉంది. ప్లేయర్‌లో మాత్రమే వస్తే చివరి సమస్య చూడండి.

కారణం ఆడియో సీడీ నిర్మాణంలోనే ఉంది. డేటా సీడీలో ఒక్కో సెక్టారుకు, అంటే డిస్కును విభజించే చిన్న ముక్కకు, సాధారణంగా 2,048 బైట్లే సమాచారానికి వాడి, మిగిలిన చోటును చిరునామాకూ అదనపు దోష సవరణకూ కేటాయిస్తారు. ఆడియో సీడీలో 2,352 బైట్లూ సంగీతానివే కాబట్టి, డిస్కుపై ఉండే ప్రాథమిక దోష సవరణ విఫలమైన చోట చాలా డ్రైవులు ఇరుపక్కల శాంపిళ్లను (ధ్వనిని కొలిచిన అంకెలను) చూసి మధ్య విలువను ఊహించి ఇచ్చేస్తాయి. ఆ ఊహ కుదరని చోట మనకు చప్పుడు వినిపిస్తుంది. కుదిరిన చోట లోపం ఉన్నట్టే తెలియదు, నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఈ రెండోదే.

సీడీని అంచులతో పట్టుకుని, మెత్తని పొడి బట్టతో మధ్య రంధ్రం నుంచి అంచు వైపు తిన్నగా తుడవండి. గుండ్రంగా తుడిస్తే పడే గీత డేటా వరుస వెంటే సాగి, సవరణకు అందనంత పొడవున సమాచారాన్ని చెరిపేస్తుంది. అడ్డంగా పడిన గీత ఒక్కో చుట్టులో కొద్ది భాగాన్నే తాకుతుంది. తరువాత ఎగ్జాక్ట్ ఆడియో కాపీ వంటి ప్రోగ్రామ్‌లో సెక్యూర్ మోడ్ (అనుమానం ఉన్న చోటును మళ్లీ మళ్లీ చదివే పద్ధతి) ఎంచుకుని, డ్రైవు వేగం తగ్గించి మళ్లీ చదివించి, వచ్చిన చెక్‌సమ్‌ను (పాట డేటా నుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్యను) ఆక్యురేట్‌రిప్ అనే ఆన్‌లైన్ జాబితాలోని ఇతరుల ఫలితాలతో పోల్చండి. ఆ సీడీ అందులో లేకపోతే రెండుసార్లు చదివించి రెండు చెక్‌సమ్‌లు ఒకటేనా అని చూడండి.

నా దగ్గరున్న ఒక సీడీలో చివరి పాటను మూడుసార్లు చదివిస్తే మూడు వేర్వేరు చెక్‌సమ్‌లు వచ్చాయి. దీపం కింద ఏటవాలుగా పట్టి చూస్తే గానీ కనిపించని వేలిముద్ర ఒకటి అంచు దగ్గర ఉంది. సీడీని లోపలి నుంచి బయటికి చదువుతారు కనుక, నిండుగా ఉన్న డిస్కులో చివరి పాటలు మన వేళ్లు తగిలే చోటే ఉంటాయి. తుడిచాక వరుసగా రెండుసార్లు ఒకే చెక్‌సమ్ వచ్చింది.

తుడిచినా మారకపోతే మరో డ్రైవులో ప్రయత్నించండి. ఒకటి చదవలేనిది ఇంకొకటి చదవడం మామూలే. లేబుల్ వైపు గీత పడి అల్యూమినియం పొర లేచిపోతే మాత్రం అక్కడి సంగీతం తిరిగి రాదు.

సమస్య: ఆగకుండా సాగే రెండు పాటల మధ్య నిశ్శబ్దం వస్తోంది

లాస్‌లెస్ ఫైలు తనంతట తాను ఖాళీని చేర్చదు. ప్లేయర్ సెట్టింగుల్లో గ్యాప్‌లెస్ ప్లేబ్యాక్‌ను ఆన్ చేయండి. ఆ సదుపాయమే లేకపోతే ఆ పాటలను ఒకే ఫైలుగా కలపాలి.

సమస్య: పాత సీడీ ఫైలులో పైస్వరాలు చెవిని పొడుస్తున్నాయి

1980ల నాటి కొన్ని సీడీలను ప్రీఎంఫసిస్‌తో, అంటే పై పౌనఃపున్యాలను పెంచి తయారుచేశారు. సీడీ ప్లేయర్ డిస్కులో ఆ సంగతి తెలిపే గుర్తును చూసి వాటిని తిరిగి తగ్గిస్తుంది, ఫైలుకు ఆ వెసులుబాటు లేదు. సాక్స్ (SoX) అనే ఆడియో ప్రోగ్రామ్‌లోని డీఎంఫ్ (deemph) ఎఫెక్ట్‌తో సరిచేసి, మూల ఫైలును విడిగా ఉంచుకోండి.

సమస్య: వరుస తప్పుతోంది, అట్టబొమ్మ కనిపించడం లేదు

ట్రాక్ నంబరు, డిస్క్ నంబరు ట్యాగులు (ఫైలులోనే రాసి ఉంచే వివరాలు) నింపండి. బొమ్మ ప్రోగ్రెసివ్ జేపెగ్ (మసకగా మొదలై క్రమంగా స్పష్టమయ్యే రకం) అయితే కొన్ని ప్లేయర్లు చూపలేవు. దాన్ని బేస్‌లైన్ జేపెగ్‌గా మార్చి చిన్నది చేయండి.

సమస్య: కంప్యూటర్‌లో బాగున్న పాట ప్లేయర్‌లో తడబడుతోంది

ఫ్లాక్ ఫైలులో మూల ధ్వని ఎండీ5 విలువ (ఇదీ ఒక రకం చెక్‌సమే) సాధారణంగా నమోదై ఉంటుంది. మెమరీ కార్డును కంప్యూటర్‌కు తగిలించి, ఫ్లాక్ ప్రోగ్రామ్‌లోని టెస్ట్ ఆదేశంతో కార్డులోని కాపీని పరీక్షించండి. అది తప్పి, కంప్యూటర్‌లోని ఫైలు నెగ్గితే ఆ కాపీ చెడిపోయినట్టే. మళ్లీ కాపీ చేయండి. మళ్లీ అదే జరిగితే కార్డును మార్చాలి, సీడీని ఇంకోసారి చదివించే పని లేదు.