గోల్ఫ్‌లో కిందికి దిగే హోల్‌లో టీ షాట్ కొట్టేదెలా?

మాది హిందూపురం. బెంగళూరులో ఉద్యోగం, శనివారం తెల్లవారుజామున గోల్ఫ్. టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) మీద నిలబడితే ఫెయిర్‌వే (బంతి సాగాల్సిన గడ్డి దారి) ఎక్కడో కాళ్ల కింద కనిపించే హోల్ (టీ నుంచి గుంట దాకా ఉండే ఆట భాగం) అంటే నాకు ప్రాణం. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేదీ అక్కడే.

ముందు దూరం లెక్క చూడండి. ప్రతి 3 అడుగుల దిగుడుకు సుమారు 1 గజం తీసేయండి. గ్రీన్ (గుంట, జెండా ఉండే నున్నటి గడ్డి) 150 గజాల దూరంలో, 30 అడుగుల కింద ఉంటే 140కే కొట్టాలి. ఏడో ఐరన్ (ఐరన్ అంటే ఒక రకం క్లబ్, అంటే బంతిని కొట్టే కర్ర; అంకె పెరిగితే దూరం తగ్గుతుంది) తీసేవాళ్లు ఎనిమిదో ఐరన్ తీయండి. పైగా బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది, చెన్నైలో కంటే బంతి ఇంకాస్త దూరం పోతుంది. చెన్నై నుంచి మా బావమరిది వచ్చిన ప్రతిసారీ ఇదే గుర్తుచేస్తాను.

అసలు పరీక్ష గాలిది. బంతి పైన ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి కొద్దిపాటి పక్కగాలి కూడా తోసేస్తుంది. చిటికెడు గడ్డి తుంచి భుజం ఎత్తు నుంచి వదలండి. తర్వాత కింద జెండా ఎటు ఊగుతోందో చూడండి. రెండూ పొసగకపోతే నేను చెట్ల చిటారు కొమ్మల్నే నమ్ముతాను. అమెరికాలోని పెబుల్ బీచ్ ఏడో హోల్ సుమారు 106 గజాలే, అయినా సముద్రపు గాలిని బట్టి ప్రొఫెషనల్స్ సైతం క్లబ్ మారుస్తారు.

ఇక స్వింగ్. చూపు కిందికి లాగుతుంది, కుడిచేతివాళ్లకు ఎడమ భుజం దానితోపాటు వాలిపోతుంది. టీ నేల మాత్రం చదునే. కంటి ఎత్తులో దూరంగా ఒక చెట్టును గురిగా పెట్టుకోండి. బలం వాడకండి, వంకర పోయిన బంతి ఎత్తు నుంచి ఇంకా పక్కకే పోతుంది.