ఐఎస్‌డీఎన్ లైను కలుస్తుంది, పేజీ మాత్రం తెరుచుకోదు: లినక్స్‌లో సమస్య - పరిష్కారం

ఐఎస్‌డీఎన్ అంటే టెలిఫోన్ తీగ మీద నడిచే డిజిటల్ లైను. దాని కార్డును నడిపే హైసాక్స్ డ్రైవరు, ఆ లైను మీద ఇంటర్నెట్ కలిపే ఐపీపీపీడీ ప్రోగ్రాము వాడే పాత పద్ధతి సెటప్‌కు ఇది వర్తిస్తుంది. లినక్స్ మూల భాగమైన కెర్నల్ 5.3 నుంచి హైసాక్స్‌ను తీసేశారు. కొత్త కెర్నల్‌లో మాడ్యూల్ దొరకలేదంటే తప్పు మీది కాదు, పాత కెర్నల్ వాడాల్సిందే.

ఏ ఫైలూ ముట్టుకోకముందు సిస్టమ్ లాగ్ చూడండి. చాలామంది దీన్ని వదిలేసి నేరుగా పాస్‌వర్డులు మార్చడం మొదలుపెడతారు.

అసలు డయలే కావడం లేదు
లాగ్‌లో 'ఈ001బీ' కనిపిస్తే ముందు కేబుల్ చూడండి. కార్డు నుంచి ఎన్‌టీ పెట్టెకు (టెలిఫోన్ లైను ఇంట్లోకి వచ్చి ఆగే పెట్టె) వెళ్లే తీగ ఊడి ఉండడమే ఎక్కువసార్లు కారణం. తీగ బాగుంటే ప్రోటోకాల్ చూడండి: యూరో ఐఎస్‌డీఎన్‌కు హైసాక్స్‌లో ప్రోటోకాల్ విలువ 2 ఉండాలి. 'ఈ0011' వస్తే అవతలి లైను బిజీ, అంతే.

కలిసి, కొన్ని సెకన్లలో తెగిపోతోంది
లాగ్‌లో పాప్ లేదా చాప్ (పాస్‌వర్డు తనిఖీ పద్ధతులు) విఫలమైందని ఉంటే యూజర్ పేరు రెండు చోట్లా, అంటే ఐపీపీపీడీ ఆప్షన్లలోనూ సీక్రెట్స్ ఫైలులోనూ, అక్షరం తేడా లేకుండా ఉందా చూడండి. ఎల్‌సీపీ (రెండు చివరలూ కనెక్షన్ షరతులు కుదుర్చుకునే తొలి దశ) దగ్గరే ఆగిపోతుంటే ఎన్‌క్యాప్సులేషన్ సింక్‌పీపీపీ, లేయర్ 2 హెచ్‌డీఎల్‌సీ అని పెట్టండి.

కలిసింది, ఐపీ వచ్చింది, ఏమీ తెరుచుకోదు
అసలు దొంగ ఇక్కడున్నాడు. లాగ్‌లో తప్పేమీ కనిపించదు కాబట్టి అందరూ డీఎన్‌ఎస్ (సైటు పేరును ఐపీ చిరునామాగా మార్చే సేవ) మీద పడతారు. ముందు అవతలి చివర ఐపీకి పింగ్ చేయండి, అంటే చిన్న ప్యాకెట్ పంపి జవాబు వస్తుందా చూడండి. జవాబు వస్తే లైను బాగుంది. ఇక రూటింగ్ పట్టిక తెరిచి, 0.0.0.0 వరుస (అదే డిఫాల్ట్ రూటు, బయటికి వెళ్లే ప్యాకెట్ల దారి) ఏ ఇంటర్‌ఫేస్ వైపు చూపిస్తోందో చూడండి. అక్కడ ఈథర్‌నెట్ కార్డు, అంటే ఈటీహెచ్0 ఉంటే దొరికిపోయినట్టే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు గేట్‌వే (బయటి దారి చూపే యంత్రం చిరునామా) గడిలో ఏదో ఒక అంకె నింపేసి ఉంటారు. ప్యాకెట్లన్నీ ఇంట్లోని తీగలోకే పోతున్నాయి. ఆ గేట్‌వే తీసేసి, ఐపీపీపీడీ ఆప్షన్లలో డిఫాల్ట్‌రూట్ చేర్చండి.

ఇంతటితో అయిపోలేదు. మొదటిసారి బాగా పనిచేసి, లైను పెట్టేశాక రెండోసారి తనంతట తాను డయల్ కాదు. లైను తెగినప్పుడు ఆ డిఫాల్ట్ రూటు కూడా పోవడమే కారణం. ఆటో డయల్ మొదలయ్యేది ఐఎస్‌డీఎన్ ఇంటర్‌ఫేస్ అయిన ఐపీపీపీ0 వైపు ప్యాకెట్ వచ్చినప్పుడే. రూటు లేకపోతే ప్యాకెట్ అక్కడికి చేరదు. లైను తెగినప్పుడు నడిచే ఐపీ-డౌన్ స్క్రిప్టులో ఐపీపీపీ0 మీదుగా డిఫాల్ట్ రూటును తిరిగి చేర్చే వరుస పెట్టండి. ఇంటర్‌ఫేస్ పేరు స్క్రిప్టుకు మొదటి ఆర్గ్యుమెంట్‌గా అందుతుంది. లైను పెట్టేసి, పట్టికలో ఆ వరుస మిగిలిందో లేదో చూసి గానీ పని అయిందనుకోకండి.

రూటు ఎప్పుడూ ఉంటే ఏ డీఎన్‌ఎస్ ప్రశ్న వచ్చినా లైను లేస్తుంది, బిల్లూ లేస్తుంది. అందుకని పరీక్షించినంతసేపూ డయల్‌మోడ్ మాన్యువల్‌లో (మీరు చెబితేనే డయల్ అయ్యేలా) ఉంచండి. తర్వాత ఆటోకు మార్చినా హప్‌టైమవుట్ (ఏమీ ప్రయాణించకపోతే ఎంతసేపటికి లైను పెట్టేయాలో) 60 సెకన్ల దగ్గర పెట్టండి.

ఐఎస్‌డీఎన్ తీగ (బస్) చివర 100 ఓమ్‌ల రెసిస్టర్లు, ఐఆర్‌క్యూ గొడవ (రెండు కార్డులు ఒకే సంకేత నంబరుకు పోటీపడడం) వంటివి అరుదు. పైవన్నీ సరిగ్గా ఉన్నాకే అటు వెళ్లండి.