పిన్‌బాల్ పోటీకి గోల్ఫ్ లెక్క పెట్టేముందు

దసరా సెలవుల్లో మన విజయనగరంలో మళ్లీ పిన్‌బాల్ పోటీ పెడదామని మావాళ్లు అంటున్నారు. పోయినసారి గొడవ ఎక్కడ వచ్చిందో ఇంకా గుర్తుంది కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను. ఈసారీ గోల్ఫ్ లెక్కే. కొత్తవాళ్ల కోసం చెప్తున్నా, పిన్‌బాల్ అంటే వాలుగా ఉన్న బల్ల మీద బాల్ కిందికి జారిపోకుండా మీటలతో కొడుతూ స్కోరు పెంచుకునే మెషిన్ ఆట, ఒక్కో ఆటకి మూడు బాల్స్. గోల్ఫ్ లెక్కలో ప్రతి మెషిన్ ఒక హోల్, దానికో టార్గెట్ స్కోరు. ఎన్నో బాల్‌లో టార్గెట్ దాటితే అన్ని స్ట్రోకులు, అంటే మొదటి బాల్‌లోనే దాటితే 1, మూడో బాల్ దాకా పడితే 3. మొత్తం కలిపి ఎవరికి తక్కువొస్తే వాళ్లే గెలిచినట్టు. ఈ తక్కువ సంగతి మొదట్లోనే గట్టిగా చెప్పండి, ఎందుకంటే టార్గెట్ దాటాక కూడా స్కోరు పెంచుకుంటూ కూర్చునేవాళ్లు ఉంటారు, వెనక లైన్ ఆగిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది టార్గెట్ల మీద. మెషిన్ ఓనర్ స్కోరు చూసి టార్గెట్ పెట్టొద్దు, రోజూ ఆడే చెయ్యి కాబట్టి ఆయనకి తేలికైనది మిగతావాళ్లకి కొండలా ఉంటుంది. బాగా ఆడేవాళ్లు ఇద్దరు, ఓ మాదిరిగా ఆడేవాళ్లు ఇద్దరు, కొత్తవాళ్లు ఇద్దరిని పిలిచి ఒక్కో మెషిన్ మీద రెండు మూడు ఆటలు ఆడించి, ప్రతి బాల్ అయ్యాక స్కోరు రాసుకోండి. సగం ఆటలైనా రెండో బాల్‌కో మూడో బాల్‌కో అందుకోగలిగే అంకె పెట్టండి. అందరూ ఒకటో బాల్‌కే దాటేసినా, ఎవరూ దాటలేకపోయినా ఆ హోల్ దండగే. ఇదంతా మెషిన్‌ని పోటీ జరిగే చోట పెట్టి, రసమట్టంతో లెవెల్ చూసుకున్నాకే చెయ్యాలి. సాధారణంగా 6.5 డిగ్రీల వాలు పెడతారు, కాళ్ల దగ్గర బోల్టు కొంచెం తిప్పినా బాల్ వేగం మారిపోతుంది, ముందు రాసుకున్న స్కోర్లు పనికిరావు. మొదటి ఆటగాడు ఆడాక మాత్రం టార్గెట్ ముట్టుకోవద్దు, అది తప్పుగా పెట్టామని తెలిసినా సరే.

ఇక బోనస్, అంటే బాల్ పోయాక మెషిన్ కలిపే అదనపు స్కోరు. పోయినసారి మూడో హోల్ టార్గెట్ కోటి. ఒక కుర్రాడి రెండో బాల్ రెండు ఫ్లిప్పర్ల (బాల్‌ని కొట్టే మీటల) మధ్యలోంచి జారిపోయేసరికి స్కోరు 96 లక్షలే, మెషిన్ బోనస్ కలుపుతూ కలుపుతూ కోటి దాటించింది. వాడు "రెండే రాయండి అన్నా" అన్నాడు, వెనక నిలబడ్డవాళ్లేమో "బాల్ పోయాక కదా దాటింది, మూడు రాయాలి" అన్నారు. రూలు ముందే రాసుకోలేదు కాబట్టి మా దగ్గర జవాబు లేదు, ఇరవై నిమిషాలు ఆట ఆగిపోయింది. ఏ బాల్ బోనస్‌ని ఆ బాల్‌కే లెక్కేస్తామని గోడ మీద రాసి అంటించండి. టిల్ట్ అయితే, అంటే మెషిన్‌ని మరీ గట్టిగా కదిపినందుకు అది ఆట ఆపేస్తే, ఆ బాల్ బోనస్ పోతుంది కాబట్టి అక్కడ తగువు ఉండదు.

స్కోరు కాకుండా మల్టీబాల్ (ఒకేసారి రెండు, అంతకన్నా ఎక్కువ బాల్స్ ఆడటం) తెప్పించడం టార్గెట్‌గా పెడితే ఇంకా జాగ్రత్త, ఇంకో బాల్ కూడా బల్ల మీదికి వచ్చిన క్షణమా, లాక్ లైట్ (బాల్‌ని మల్టీబాల్ కోసం పట్టి ఉంచుకోవచ్చని చెప్పే లైటు) వెలిగినప్పుడా అన్నది తేల్చి రాయండి. మెషిన్లు తక్కువుంటే ఒకే మెషిన్‌ని ఇలా రెండు హోల్స్‌గా వాడుకోవచ్చు.

మూడు బాల్స్‌లోనూ టార్గెట్ అందకపోతే? అందరికీ 4 రాసేస్తే, అంచుదాకా వచ్చి ఆగినవాడికీ, మొదట్లోనే కూలబడ్డవాడికీ తేడా ఉండదు. టార్గెట్‌లో ముప్పావు దాటితే 4, సగం దాటితే 5, అంతకన్నా తక్కువైతే 6 అని మేం ఈసారి రాసుకున్నాం. ఎక్స్‌ట్రా బాల్ (ఆటలో మెషిన్ ఇచ్చే అదనపు బాల్) మెషిన్ సెట్టింగ్స్‌లోనే ఆపేయండి.

కరెంటు సంగతి మన వైపు తేలిగ్గా తీసుకోవద్దు. హుద్‌హుద్ తుపాను 2014లో, తిత్లీ తుపాను 2018లో, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. ఆట మధ్యలో కరెంటు పోతే స్కోరు మొత్తం పోతుంది కాబట్టి ప్రతి బాల్ అయ్యాక స్కోరర్ కాగితం మీద అంకె వేసుకోవాలి. కరెంటు వచ్చాక కొత్త ఆట మొదలుపెట్టి, మిగిలిన బాల్స్ మాత్రమే ఆడించి ఆ స్కోరు పాతదానికి కలపండి. అమెరికా నుంచి వచ్చిన మెషిన్ అయితే అది 110, 120 వోల్టులకు సెట్ చేసి ఉంటుంది, మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టేస్తే పాడైపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఉందో, లోపల మార్చారో తెలిసినవాళ్లతో చూపించుకున్నాకే ఆన్ చెయ్యండి. ఒక్కో మెషిన్ వంద కిలోల పైమాటే, మేడ మీదికైతే నలుగురు పట్టాలి, కాళ్లు విప్పి మరీ ఎక్కించండి.

తేదీ పెట్టేటప్పుడు పైడితల్లమ్మ జాతరలో తొలేళ్లు, సిరిమానోత్సవం ఉన్న సోమ, మంగళవారాలు వదిలేయండి, కోట చుట్టుపక్కల బండి కదలదు, బయటూరి ఆటగాళ్లు చేరుకోలేరు.

గోల్ఫ్ లెక్కలో అంకెలు చిన్నవి కాబట్టి టైలు (సమాన స్కోర్లు) చాలా పడతాయి, అది మామూలే. ఆఖర్న టెన్షన్‌లో తేల్చుకోకుండా ఒక మెషిన్‌ని దానికోసమే పక్కన పెట్టండి, తలా ఒక ఆట ఆడించి ఎవరికి స్కోరు ఎక్కువొస్తే వాళ్లకి ఇచ్చేయండి. ఆ మెషిన్ ఏదో పొద్దున్నే అందరికీ చెప్పేయండి, మధ్యాహ్నం చెప్తే ఎవరికోసమో ఎంచారంటారు.