పొయ్యి గూడు చుట్టూ గోడకు సున్నపు పూత

వంటగది గోడలో గూడు కట్టి, పైన పొగగొట్టం లేపిన పాత ఇల్లు కోనసీమలో మీకు ఉండి, పెరట్లో రాలే కొబ్బరి మట్టలూ డొక్కలూ వృథా కాకుండా ఆ గూటిలో ఇనప పొయ్యి అమర్చుకోవాలనుకుంటే, పొయ్యి కొనడం కన్నా గూడు చుట్టూ గోడకు పూత వేయించడమే కష్టమైన పని. మామూలు గోడకు వేసినట్టే సిమెంటు మాలు దట్టించి, పైన పుట్టీ పట్టించి, రంగు వేసి వెళ్లిపోవడం మేస్త్రీలకు అలవాటు. మా ఇంట్లో అలాగే చేయించాము. నెల తిరగకముందే గూటి పై మూలల నుంచి ఏటవాలుగా రెండు పగుళ్లు పాకాయి, పుట్టీ పొలుసులుగా రాలింది.

కారణం వేడి ఒక్కటే కాదు, వేడికి ఒక్కో వస్తువు ఒక్కో రీతిగా సాగడం. మీటరు పొడవున్న ఇనుము వంద డిగ్రీలు వేడెక్కితే సుమారు 1.2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇటుక అందులో సగం మాత్రమే సాగుతుంది. ఈ రెండింటి మధ్య బిగిసిపోయిన సిమెంటు ఎటూ కదలలేక చిట్లుతుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అయితే వంద డిగ్రీలు దాటాక తనలోని నీటిని కోల్పోయి పిండి అవుతుంది. అందువల్ల ఇక్కడ కావలసింది గట్టి పూత కాదు, కాస్త మెత్తని సున్నపు పూత.

ముందుగా పాత పూతను తాపీ పిడితో తట్టి చూసి, బోలు శబ్దం వచ్చిన చోటల్లా ఇటుక కనిపించేదాకా రాల్చివేయాలి. ఇటుకల సందులను అర అంగుళం లోతున గీకి, పొగచూరును తీగ బ్రష్షుతో రుద్ది తీయాలి. ఆ మసి మిగిలితే కొత్త పూతలోంచి గోధుమరంగు మరకలై పైకి వస్తుంది. గోడ మీద ఉప్పు తెల్లగా పైకి తేలి ఉంటే కడగకండి, పొడిగానే దులపండి, లేకపోతే ఆ ఉప్పు నీటితోపాటు మళ్లీ లోపలికే ఇంకుతుంది. గూటి పైన చెక్క దూలం ఉందేమో కూడా ఇప్పుడే చూసుకోవాలి. పూత కప్పితే చెక్కకు రక్షణ అనుకోవడం పొరపాటు; పైకి కనబడకుండా ఎండి, బొగ్గయి, ఒకనాడు అంటుకుంటుంది. దానిని తీసి రాతి పలకో కాంక్రీటు లింటెలో పెట్టించాలి. పొగగొట్టాన్ని కూడా మసి లేకుండా దులిపించి, గోడలో కలిసే చోట సందులు మూయించాలి, ఎందుకంటే పొగతో వచ్చే కార్బన్ మోనాక్సైడు వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది.

మంట తగిలే గూటి లోపలి భాగానికి మట్టే మేలు. అయితే డెల్టా నల్లరేగడి ఒక్కటే వాడితే ఆరేటప్పుడు కుంచించుకుని బీటలు వారుతుంది. లంక ఒండ్రు మట్టి తెచ్చి, ఒకటికి రెండు పాళ్ల ఇసుకా గుప్పెడు ఊకా కలిపి, రెండు రోజులు నానబెట్టి తొక్కాలి. అరచేయంత పలక చేసి నీడన ఆరబెట్టి, బీట పడితే ఇసుక పెంచాలి. ఎంత ఇసుక సరిపోతుందో మట్టినిబట్టి మారుతుంది కనుక ఈ పరీక్ష మానకండి.

గూటి చుట్టూ బయటి గోడకు సున్నం ఒక పాలు, జల్లెడ పట్టిన గోదావరి ఇసుక మూడు పాళ్లు. సముద్రపు ఇసుక ఎంత చవకైనా వద్దు. తీరానికి దగ్గరి ఊళ్లలో బావినీటిని కూడా నాలుక మీద వేసుకుని ఉప్పదనం చూశాకే కలపాలి. రాతి సున్నం విరగదీసేటప్పుడు, అంటే నీటితో చల్లార్చేటప్పుడు, నీటిలో సున్నం వేయాలే తప్ప సున్నం మీద నీరు పోయకూడదు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. విరిగిన సున్నం కనీసం వారం మాగాలి. కరక్కాయ నీరు, బెల్లం కలిపే పాత పద్ధతి మంచిదే గానీ, ఇంత చిన్న గోడకు అది లేకపోయినా లోటేమీ ఉండదు.

గోడను బాగా తడిపి, మొదటి పొర అర అంగుళం మించకుండా వేసి, తడి ఉండగానే అడ్డదిడ్డంగా గీతలు గీయాలి. వారం తరువాత రెండో పొర పావు అంగుళం. పొయ్యి ఇనప చట్రానికీ పూతకీ మధ్య వేలు పట్టేంత సందు వదలడం మాత్రం ఎంత చెప్పినా తక్కువే. మేస్త్రీ చూడడానికి బాగుండదని అక్కడిదాకా నింపేస్తాడు, ఒప్పుకోకండి. ఆ సందులో పొయ్యి తలుపులకు వాడే వేడి తట్టుకునే తాడు దూర్చాలి. కొబ్బరి తాడు కాలిపోతుంది. గూటి అంచులను పదునుగా కాక గుండ్రంగా తీర్చితే తొందరగా పెచ్చులూడవు. పైన రంగు బదులు రెండు పూతల వెల్ల చాలు.

పూతను నాలుగైదు రోజులు తడి గోనెపట్టాలతో కప్పి ఉంచాలి. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ కనుక వానాకాలంలోనూ తుపానుల నెలల్లోనూ ఈ పని పెట్టుకోకుండా, సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టడం మంచిది. నెల రోజులు ఆగి, మొదటి రోజు రెండు ఎండు మట్టలతో అరగంట మంట పెట్టి ఆర్పివేయాలి. రోజుకు కాస్త పెంచుతూ నాలుగో రోజుకు పూర్తి మంటకు రావచ్చు. అప్పుడు వెంట్రుక సన్నని పగుళ్లు కనిపిస్తే కంగారు పడనవసరం లేదు, గోడ చల్లారాక పల్చని సున్నపు పాలు బ్రష్షుతో పట్టిస్తే పూడిపోతాయి.