దిబ్బ మీద ప్రొక్లెయిన్ ఎక్కించే ముందు

మన డెల్టాలో లేఔట్ వెయ్యాలన్నా రొయ్యల చెరువు తవ్వాలన్నా ముందు చూసేది మెరకకి మట్టి ఎక్కడ దొరుకుద్దా అనే, ఊళ్ళో ఏదన్నా దిబ్బ ఉంటే కళ్ళన్నీ దాని మీదే. కానీ ఇది గోదారి తెచ్చిపోసిన ఒండ్రు నేలండీ, రాయనేది ఇక్కడ పుట్టదు, కాబట్టి చెక్కిన రాయి తగిలిందంటే ఎవరో ఎక్కణ్ణుంచో మోయించి తెచ్చిందే, అంటే ఆ దిబ్బ కింద పాత గుడో ఊరో ఉండొచ్చు.

అందుకని కొనే ముందే ముసలాళ్ళని ఆ చేను పేరేంటో అడగండి. పాటిదిబ్బ అన్నారంటే అది పాత ఊరు ఉన్న చోటు అయ్యుండొచ్చు. వాన కురిసిన మర్నాడు నడిచి చూస్తే కుండపెంకులు తేలి కనిపిస్తాయి, ఇప్పటి ఇటుకకి రెట్టింపు పొడుగున్న ఇటుకలు కనిపిస్తే ఇంక ఆగిపోవాల్సిందే. కోనసీమలో ఉన్న ఆదుర్రు బౌద్ధ స్తూపం కూడా ఇటుకలదే కదా.

ద్రాక్షారామం, సామర్లకోట, బిక్కవోలు లాంటి చోట్ల కేంద్రం రక్షణలో ఉన్న గుళ్ళ దగ్గరైతే హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం కుదరదు, ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా పర్మిషన్ కావాలి. అడ్వాన్స్ ఇచ్చాక కాదు, ముందే కొలిపించుకోండి.

తవ్వుతుంటే ఏదన్నా బయటపడితే మిషన్ ఆపెయ్యాలి. ఆపరేటర్‌కి ముందే చెప్పండి, ఆగిన గంటలకీ డబ్బులిస్తామని, లేకపోతే వాడు చూసీ చూడనట్టు టిప్పర్‌లో పోసేస్తాడు, తప్పు వాడిది కూడా కాదు. విగ్రహమైతే మనోళ్ళు వెంటనే కడిగి పసుపు కుంకుమ రాసి రావిచెట్టు కింద పెట్టేస్తారు, భక్తి మంచిదే గానీ అది ఏ లోతులో, ఏ పక్కకి తిరిగి, ఏ ఇటుకల మధ్య ఉందో ఆ కబురంతా పోయినట్టే. కదపకండి, పక్కన టేప్ పెట్టి ఫోన్లో ఫొటోలు తియ్యండి, లొకేషన్ ఆన్ చేసి. తాసిల్దారుకి, పురావస్తు శాఖకి కాగితం మీద రాసివ్వండి, రసీదు తీసుకోండి. నాణేలో బంగారమో అయితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టర్‌కి చెప్పి తీరాలి, దాస్తే దొరికినోడికి రావాల్సిన వాటా కూడా పోతుంది.

పని ఆగిపోద్దని చాలామంది రాత్రికి రాత్రే పూడ్చేస్తారు. దానికన్నా లేఔట్‌లో ఎలాగూ ఓపెన్ స్పేస్ వదలాలి కదా, పురావస్తు శాఖ వాళ్ళు ఒప్పుకుంటే దిబ్బని దాన్లోకి కలపండి, బోరు వెయ్యకుండా, కొబ్బరిమొక్కలకి గోతులు తియ్యకుండా గడ్డి పెంచితే చాలు.